పేరు సత్యమే గానీ...

నెల్లూరు మొలగొలుకులంటే ఒకప్పుడు మద్రాసు దాకా పేరు. ఆ పేరుకున్న గిరాకీ చూసి, వేరే బియ్యాన్ని కూడా మొలగొలుకులనే అమ్మిన ఘనులు లేకపోలేదు. అందుకే మా వైపు పెద్దవాళ్ళు కొట్లో బస్తా మీది పేరు చదివేవాళ్ళు కారు. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, నాలుగు నోట్లో వేసుకుని కొరికి చూసి, ఆ తరవాతే బేరానికి దిగేవాళ్ళు. కొట్టు శెట్టిగారు ఎంత మర్యాదస్థుడైనా, ముప్ఫై ఏళ్ళుగా ఎరిగినవాడైనా సరే, గింజ కొరకడం మాత్రం మానేవాళ్ళు కారు. ఆయనా ఏమీ అనుకునేవాడు కాదు.

అంత జాగ్రత్త తెలిసిన తెలుగుదేశంలో ఒక కంపెనీ విషయంలో మాత్రం చదువుకున్నవాళ్ళూ, లెక్కలు నేర్చినవాళ్ళూ, చివరికి ఆ లెక్కలు తనిఖీ చేయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళూ బస్తా మీది పేరు చదివి ఊరుకున్నారు. ఆ పేరు ‘సత్యం’.

ఈ మాట అనగానే ముప్ఫై దాటినవాళ్ళకి అంతా గుర్తొచ్చి ఉంటుంది. ఇప్పటి కాలేజీ పిల్లలకి మాత్రం ఇది చరిత్రే. ‘సత్యమా? అదేం కంపెనీ ఆంటీ?’ అని మొన్న ఒక ఇంజనీరింగు అమ్మాయి నన్ను అడిగింది. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. కోటలు కట్టిన కథలూ, కూలిన కథలూ చెప్పడం నాకు సరదా. ఈ కంపెనీ కథలో కోటా ఉంది, వైభవమూ ఉంది, పతనమూ ఉంది. వాటికి తోడు, ఇంటి పద్దుపుస్తకం రాసుకునే ప్రతి ఆడదానికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది. అందుకే కూర్చోబెట్టి చెప్పాను. మీకూ చెబుతున్నాను.

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో సికింద్రాబాదులో మొదలైంది. మొదలుపెట్టినవారు బైర్రాజు రామలింగరాజు. పశ్చిమగోదావరి జిల్లా రైతు కుటుంబం. విజయవాడ లయోలా కాలేజీలో బి.కాం. చదివి, అమెరికా వెళ్ళి ఒహాయో విశ్వవిద్యాలయంలో ఎం.బి.ఏ. చేసి వచ్చారు. తండ్రిగారి పేరు సత్యనారాయణరాజు. అంతకుముందు ఆ కుటుంబం పెట్టిన నూలుమిల్లుకి కూడా ‘సత్యం’ అన్న పేరే ఉండేది. కంపెనీ పెట్టిన కొత్తల్లో పనిచేసేవాళ్ళు ఇరవైమంది కూడా లేరు.

1991లో జాన్ డీర్ అనే అమెరికా ట్రాక్టర్ల కంపెనీ వీళ్ళకి పని ఇచ్చింది. మరుసటి ఏడు వాటాలు జనానికి అమ్మితే ఎగబడి కొన్నారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తారీఖులు తారుమారైపోతాయని లోకమంతా బెంబేలు పడ్డ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ చిక్కుముడి విప్పే పని మన దేశపు కంపెనీలకి బోలెడంత దొరికింది. సత్యానికీ దొరికింది. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ తెరిచారు. 2001 మే నెలలో సత్యం వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కాయి. 2008 వచ్చేసరికి ఉద్యోగులు 53 వేలమంది అనీ, ఏడాది రాబడి రెండు వందల కోట్ల డాలర్లు దాటిందనీ కంపెనీ చెప్పుకుంది.

ఇదంతా హైదరాబాదు కథ గదా, సముద్రం ఒడ్డున ఉన్న నెల్లూరికి ఏమిటి సంబంధం అంటారేమో. ఉంది.

1980ల చివరి నుంచీ మా తీరంలో రొయ్యల గాలి వీచింది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, కోట, వాకాడు వైపు వరిపొలాలు గుంటలైపోయాయి. గుంటల్లో పెంచింది టైగర్ రొయ్య. ఒక్క పంటతో మిద్దెలు లేచాయి, కార్లు వచ్చాయి. ఎకరం కౌలు ఎంత అడిగితే అంత పలికింది. 1994, 95ల్లో తెల్లమచ్చ జబ్బు వచ్చి రొయ్యలన్నీ తేలిపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంతపు చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. మిద్దెలు సగంలో ఆగాయి. కార్లు అమ్ముడుపోయాయి. పులి మీద ఎక్కడం తేలిక, దిగడమే కష్టం అన్న సామెత మా తీరం వాళ్ళకి పుస్తకంలో చదవక్కర్లేకుండానే అర్థమైపోయింది.

అప్పుడు మా ఇళ్ళలో పెద్దవాళ్ళు అనుకున్నమాట ఒక్కటే: నీళ్ళనీ గాలినీ నమ్ముకునే బతుకు మనతో పోనీ, పిల్లల్ని చదివిద్దాం. మిగిలిన నగో, అర ఎకరమో అమ్మి ఇంజనీరింగులో చేర్చారు. పరీక్షలు కాగానే పిల్లలు సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళి, అమీర్‌పేటలో గదికి ఆరుగురు చొప్పున సర్దుకుని, కంప్యూటరు భాషలు నేర్చుకున్నారు. అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయ్యేలోగా ఉద్యోగం దొరకాలని దేవుళ్ళకి మొక్కుకున్నారు.

దొరికింది. చాలామందికి దొరికింది. అప్పటినుంచీ పెళ్ళిపందిళ్ళలో మాటలు ఇలా సాగేవి:

‘ఏమ్మా, మీ పిల్లోడు ఎక్కడ చేస్తన్నాడు?’

‘సత్యంలో పిన్నమ్మా.’

అంతే. ఆ పిల్లవాడు చేసే పనేమిటో అటు అడిగినావిడకీ తెలీదు, ఇటు చెప్పినావిడకీ తెలీదు. తెలియాల్సిన అవసరమూ ఉండేది కాదు. ఆ ఒక్క మాటతో జాతకాలు సగం కుదిరేవి. మిగతా సగం కట్నం దగ్గర కుదిరేవి, అది వేరే సంగతి!

ప్రకటనల విద్యలో పండిపోయినవాళ్ళు కూడా ఇంతకన్నా మంచి ప్రకటన తయారు చేయలేరు. ఆలోచించి చూడండి. ఈ కంపెనీ మనకి సబ్బు అమ్మలేదు, పౌడరు అమ్మలేదు, తలనొప్పి మందు అమ్మలేదు. అది అమ్మే సరుకు కొనేది అమెరికాలో, యూరప్‌లో ఉన్న పెద్ద పెద్ద కంపెనీలు. మన ఇంట్లో టీవీలో సినిమా మధ్యలో వచ్చి ‘కొనండి’ అని చెప్పాల్సిన పని దానికి లేదు. అయినా దాని పేరు తెలియని తెలుగిల్లు లేకుండా పోయింది. తల్లులే ప్రచారకర్తలు, పెళ్ళిళ్ళే ప్రకటన బోర్డులు.

ఇక పెద్ద లోకానికి చేసుకున్న ప్రచారం వేరు. దక్షిణాఫ్రికాలో 2010లో, బ్రెజిల్‌లో 2014లో జరగబోయే ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకి కంప్యూటరు సేవలందించే అధికారిక సంస్థ అన్న హోదా సంపాదించింది. ఏడాదికొక బిరుదు, నెలకొక సభ. వాటన్నిటినీ మించి, మూడు నెలలకోసారి దినపత్రికల్లో సన్నటి అక్షరాలతో, గళ్ళుగళ్ళుగా వచ్చే ఆదాయవ్యయాల పట్టిక! వంటింట్లో డబ్బాల అరల్లో పరిచే కాగితాల్లో మనం ఆ పేజీలు ఎన్ని చూసి ఉంటామో! బొమ్మ ఉండదు, నవ్వే అమ్మాయి ఉండదు, కవిత్వం ఉండదు. అందువల్లే దాన్ని ప్రకటన అని ఎవరూ అనుకోరు. లెక్క అనుకుంటారు. లెక్క అబద్ధం చెప్పదని మన నమ్మకం.

*

ఇప్పుడు 2008 సంవత్సరం సంగతి చెబుతాను. ఆ ఏడాది శరదృతువులో మూడు చోట్ల మూడు విషయాలు జరిగాయి. వాటికీ వాటికీ సంబంధం లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏదో తెలుస్తుంది.

మొదటిది అమెరికాలో. అక్కడ మైక్రోసాఫ్ట్ అంటే సొమ్ముకు లోటు లేని సంస్థ. లోకంలో ఎక్కడ కంప్యూటరు మూత తీసినా దాని సరుకే. కానీ పరువు మాత్రం అంత బాగాలేదు. తోటి కంపెనీలని బతకనివ్వదని 1998లో అమెరికా ప్రభుత్వమే దానిమీద కోర్టుకెక్కింది. 2007లో తెచ్చిన విస్టా అనే సరుకు జనానికి నచ్చలేదు. దానికి తోడు ఆపిల్ వాళ్ళు 2006 నుంచీ టీవీలో ఒక వరస ప్రకటనలు వేస్తున్నారు. చలాకీ కుర్రాడు ఒకడు వచ్చి ‘నేను మాక్‌ని’ అంటాడు. బొద్దుగా, కళ్ళజోడు పెట్టుకుని, సూటులో ఇబ్బందిపడే గుమాస్తాలాంటి ఆయన ‘నేను పీసీని’ అంటాడు. చూసినవాళ్ళందరికీ నవ్వే. ఆ నవ్వుకి జవాబుగా 2008 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. పేరుమోసిన హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్‌నీ, సాక్షాత్తు బిల్ గేట్స్‌నీ కలిపి చెప్పుల దుకాణంలో కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్ళు దేన్ని గురించి మాట్లాడుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. కొద్ది వారాల్లోనే ఆ జోడీని తెరమీదినుంచి దింపేశారు. సరుకు బాగు చేసి 2009లో కొత్తది తెచ్చాక గానీ ఆ నవ్వు తగ్గలేదు. డబ్బు పోస్తే ప్రకటన వస్తుంది గానీ పరువు రాదని ప్రపంచంలోకెల్లా డబ్బున్నవాళ్ళకే తెలిసొచ్చింది.

రెండోది అదే సెప్టెంబరులో. కంపెనీని నీతిగా, పద్ధతిగా నడుపుతున్నందుకు సత్యానికి ‘గోల్డెన్ పీకాక్’ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అంటే బంగారు నెమలి అన్నమాట.

మూడోది మా తీరంలో. అక్టోబరు 22 తెల్లవారుజామున, వానమబ్బుల మధ్య, శ్రీహరికోట నుంచి చంద్రయాన్ చంద్రుడి వైపు బయలుదేరింది. సూళ్ళూరుపేట చుట్టుపక్కల జనం మిద్దెలెక్కి చూశారు. ఆ ఎగరడానికి టికెట్టూ లేదు, ప్రకటనా లేదు.

డిసెంబరు వచ్చింది. 16వ తారీఖున సత్యం కంపెనీ ఒక విచిత్రమైన నిర్ణయం ప్రకటించింది. రామలింగరాజుగారి కుటుంబానికే చెందిన రెండు నిర్మాణాల కంపెనీలని 160 కోట్ల డాలర్లు పెట్టి కొంటామన్నది. ఆ కంపెనీల పేరేమిటో తెలుసా? ‘మేటాస్’. ఇంగ్లీషులో సత్యం అని రాసి వెనకనుంచి చదవండి, మేటాస్ అవుతుంది! సత్యాన్ని తిరగేసి పేరు పెట్టడమేమిటని కథలు రాసేదాన్ని నాకే ఆశ్చర్యం. నవలలో ఇలా రాస్తే సంపాదకులు ‘మరీ చోద్యంగా ఉందమ్మా, మార్చండి’ అంటారు. వాటాదార్లు గగ్గోలెత్తారు. కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే అందరికీ అనుమానం పట్టుకుంది.

2009 జనవరి 7, బుధవారం. ధనుర్మాసం. వాకిళ్ళ ముందు ముగ్గులు, గొబ్బెమ్మలు. సంక్రాంతికి ఊరొచ్చే పిల్లల కోసం తల్లులు అరిసెల పాకం పడుతున్న రోజులు. ఆ ఉదయం రామలింగరాజుగారి ఉత్తరం బయటికి వచ్చింది. కంపెనీ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు అని చూపించిన 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఆయనే ఒప్పుకున్నారు. అంతకుముందు మూడు నెలలకి లాభం 649 కోట్లని చూపిస్తే అసలు లాభం 61 కోట్లేనట. మొదట్లో చిన్న తేడా అనీ, ఏళ్ళు గడిచేకొద్దీ అది పెరిగి పెరిగి కొండంతయిందనీ, అది పులి మీద స్వారీలాంటిదనీ, దిగితే తినేస్తుందేమోనన్న భయంతో దిగలేకపోయాననీ రాశారు. మేటాస్‌ని కొనబోయింది లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని కూడా ఆ ఉత్తరంలోనే ఉంది.

ఆ ముందురోజు 179 రూపాయలున్న వాటా సాయంత్రానికి 40 రూపాయల దగ్గరికి పడిపోయింది. బంగారు నెమలిని ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. పింఛను డబ్బుతో వాటాలు కొన్న రిటైరైన మాష్టార్లూ, పాప పెళ్ళికి పనికొస్తాయని దాచుకున్న గృహిణులూ టీవీల ముందు అలాగే కూర్చుండిపోయారు. సత్యం ఉద్యోగుల పెళ్ళిసంబంధాలు తప్పిపోతున్నాయని ఆ వారం పత్రికలు రాశాయి. నాలుగు రోజుల కిందట జాతకాలు కుదిర్చిన పేరే ఇప్పుడు జాతకాలు చెడగొట్టడం మొదలుపెట్టింది. పిల్లవాడు మారలేదు, వాడి చదువు మారలేదు, వాడి గుణం మారలేదు. మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీది పేరొక్కటే మారకుండా మారిపోయింది!

*

మరి అయిదువేల కోట్లు లేకపోవడం అన్నేళ్ళు ఎవరికీ ఎలా తెలియలేదు? నా మనసుకి పట్టిన ప్రశ్న ఇది.

మనింట్లో పద్ధతి చూడండి. నెలాఖరున పద్దుపుస్తకం ప్రకారం చేతిలో 840 రూపాయలు మిగలాలి. మనం ఏం చేస్తాం? పోపులడబ్బా మూత తీసి ఎంచుకుంటాం. పుస్తకంలో 840 అని ఉంది గనక డబ్బాలో 840 ఉన్నట్టే అనుకునే ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. సత్యం విషయంలో ఆ మూత తీయడమే సరిగ్గా జరగలేదు. లేని ఫిక్సెడ్ డిపాజిట్లకి ఉన్నట్టు రసీదులు తయారయ్యాయి. చేయని పనులకి బిల్లులు తయారయ్యాయి. అలాంటి దొంగ బిల్లులు ఏడువేలకు పైగా ఉన్నాయని దర్యాప్తు చేసిన సి.బి.ఐ. తేల్చింది. ఆడిటర్లు కంపెనీ చేతికిచ్చిన కాగితాలు చూశారు. బ్యాంకులకి తామే నేరుగా రాసి ‘మీ దగ్గర వీళ్ళ డబ్బు ఎంత ఉంది?’ అని అడిగి, వచ్చిన జవాబుని పట్టుకుని నిలదీసి ఉంటే ఈ కథ ఇంతదూరం వచ్చేది కాదు. డైరెక్టర్ల గదిలో ప్రపంచ ప్రసిద్ధులైన పెద్దమనుషులు కూర్చునేవారు. ‘సత్యం’ అన్న పేరున్న బస్తాలోంచి గింజ తీసి కొరికితే ఏం బావుంటుందని మొహమాటపడ్డారో, లేక ఆ పేరే చాలనుకున్నారో!

అబద్ధపు లెక్కకి ఒక గుణం ఉంది. అది నిలబడాలంటే ఏడాదికేడాదీ పెరగాలి. ఈ మూడు నెలల్లో లేని పదికోట్లు ఉన్నట్టు చూపిస్తే, వచ్చే మూడు నెలల్లో ఆ పదీ చూపించాలి, పైన ఇంకో పదీ చూపించాలి. పక్కింటివాళ్ళకి లేని గొప్ప ఒకసారి చెప్పుకున్న ఇల్లాలి పాట్లు తెలిసినవాళ్ళకి ఇది వేరే వివరించక్కర్లేదు. కాసులపేరు చేయించుకున్నామని ఒకసారి చెప్పాక, ప్రతి పేరంటానికీ దాన్ని ఎందుకు పెట్టుకు రాలేదో కొత్త కారణం వెతుక్కోవాలి. అయితే ఆ ఇల్లాలు మోసపుచ్చేది పేరంటాలనే. ఇక్కడ మోసపోయింది వేలకొద్దీ సంసారాలు.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుగారికీ, ఆయన తమ్ముడు రామరాజుగారికీ, మరి కొందరికీ ఏడేళ్ళ శిక్ష వేసింది. ఆ మరుసటి నెలలోనే అప్పీలు మీద బెయిలు వచ్చింది. ఒక్క కంపెనీనే ఏళ్ళతరబడి ఒకే ఆడిట్ సంస్థ చూడకూడదని, కొన్నాళ్ళకి మార్చి తీరాలని 2013 నాటి కొత్త కంపెనీల చట్టంలో పెట్టడానికి ఈ వ్యవహారం ఒక ముఖ్య కారణం. అంటే మూత తీసే చెయ్యి అప్పుడప్పుడూ మారాలన్నమాట. అత్తగారు ఒక నెలా, కోడలు ఒక నెలా పోపులడబ్బా లెక్క చూసినట్టు!

*

ఇంత జరిగాక ఆ కంపెనీ ఏమైపోయి ఉండాలి? మరుసటి నెలే తాళం పడి ఉండాలి. పడలేదు. ఈ కథలో నాకు నచ్చిన భాగం ఇదే.

నాలుగైదు రోజుల్లోనే కేంద్రప్రభుత్వం పాత డైరెక్టర్లని తీసేసి కొత్తవారిని వేసింది. కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్ మొదట వచ్చారు, తరవాత మరో ముగ్గురు. వాళ్ళ ముందున్న మొదటి సమస్య జనవరి నెల జీతాలు. అప్పు తెచ్చి, బకాయిలు వసూలు చేసి, ఎలాగో గండం గట్టెక్కించారు. కానీ వాళ్ళు గట్టెక్కించింది దేన్ని? పుస్తకాల్లోని 5,040 కోట్లు లేకపోయినా, వేలమంది చేసే పని ఉంది గదా. అది అబద్ధం కాదు. రాత్రి పదకొండింటికి అమెరికావాడి ఫోనుకి జవాబు చెబుతూ, ‘మీ కంపెనీ ఉంటుందా?’ అని వాడడిగితే, ‘మీ పని మాత్రం ఆగదు’ అని చెప్పాల్సివచ్చిన పిల్లల మాట అది. కొన్ని కంపెనీలు వెళ్ళిపోయాయి, చాలా కంపెనీలు నిలిచాయి. ఉద్యోగులూ అంతే.

2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వాటా ఒక్కింటికి 58 రూపాయల చొప్పున పాడుకుని కంపెనీని సొంతం చేసుకుంది. జూన్‌లో పేరు ‘మహీంద్రా సత్యం’ అయింది. కొత్త కోడలికి పుట్టింటి పేరూ అత్తింటి పేరూ కలిపి పిలిచినట్టు కొన్నాళ్ళు అలా నడిచింది. ఒప్పుకున్న మాట ప్రకారం 2010 ఫుట్‌బాల్ పోటీలకి ఆ పిల్లలే పని చేసిపెట్టారు. 2013లో రెండు కంపెనీలూ కలిసిపోయి ‘టెక్ మహీంద్రా’ ఒక్కటే మిగిలింది. ‘సత్యం’ అన్న పేరు బోర్డు మీదినుంచి దిగిపోయింది. పేరు పోయింది, పని మిగిలింది. పరువు ఎక్కడుందో అప్పుడు కనపడింది. అది యజమాని పేరులోనూ లేదు, బిరుదుల్లోనూ లేదు.

ఇంకొకటి కూడా మిగిలింది. 2005 ఆగస్టు 15న రామలింగరాజుగారే హైదరాబాదులో మొదలుపెట్టిన 108 అంబులెన్సు. మా తీరపు పల్లెల్లో నొప్పులు పడే ఆడపిల్లని మంచంమీద మోసుకొచ్చి బస్సు కోసం ఎదురుచూసిన రోజులు తెలిసినవాళ్ళకి ఆ మూడంకెల విలువ తెలుసు. ఆయన జైలుకి వెళ్ళాక 2009లో దాన్ని జీవీకే సంస్థ తీసుకుంది. తరవాత ఆంధ్రప్రదేశ్‌లో నడిపే చేతులు మళ్ళీ మారాయి. 108 మాత్రం ఆగలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. చేసిన తప్పుని ఈ మంచి చెరిపేయదు. ఆ తప్పు కూడా ఈ మంచిని చెరిపేయలేదు. మనుషుల్ని ఒకే రంగులో ముంచి తీయడం నవలాకారులకే కుదరదు, చరిత్రకారులకి ఎలా కుదురుతుంది?

*

కిరణ్ కార్నిక్ పేరు పైన చెప్పాను గదా. ఆయన అంతకుముందు సుమారు ఇరవై ఏళ్ళు పనిచేసింది ఇస్రోలో. ఆ పేరు తలుచుకుంటే నా ఆలోచన తిన్నగా మా శ్రీహరికోటకి వస్తుంది.

1979 ఆగస్టు 10. మన దేశం సొంతంగా తయారుచేసుకున్న మొదటి ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్.ఎల్.వి.-3 అక్కడినుంచి ఎగిరింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఏళ్ళ తరబడి వందలమంది చేసిన కష్టం. ఎగిరిన కొద్ది నిమిషాల్లోనే రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడిపోయింది. పత్రికలవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. కలాం వెళ్ళి వాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి. ఆయన్ని వెళ్ళనివ్వకుండా ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్ తానే విలేకరుల ముందు కూర్చున్నారు. విఫలమయ్యామని చెప్పారు. బాధ్యత తనదన్నారు. తన మనుషుల మీద తనకు నమ్మకముందన్నారు. మర్నాడు పత్రికలు ఏం తిట్టినా ఆయన్నే తిట్టాయి. 1980 జులై 18న మళ్ళీ ఎగరేస్తే రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. అప్పుడు మాత్రం ధవన్ వెనక్కి తగ్గి, విలేకరులతో మాట్లాడమని కలాంని ముందుకి తోశారు. ఈ సంగతి కలాంగారు తరవాత జీవితమంతా ఎన్ని సభల్లో చెప్పారో లెక్కలేదు.

ఆ అలవాటు పోలేదు. 2008లో వెళ్ళిన చంద్రయాన్ రెండేళ్ళు పనిచేయాల్సింది, పది నెలలకే మాట పడిపోయింది. పడిపోయిందనే చెప్పారు. ఆ లోపలే అది చంద్రుడి మీద నీటి జాడలు పట్టి చూపించింది. 2019 సెప్టెంబరులో రెండో చంద్రయాన్ దిగబోయి కూలింది. దేశమంతా టీవీల్లో చూస్తుండగానే కూలింది. 2023 జులై 14న మూడోది బయలుదేరి, ఆగస్టు 23న నిలకడగా దిగింది. 2019లో ఏడ్చినవాళ్ళే ఆ సాయంత్రం మిఠాయిలు పంచుకున్నారు. కళ్ళారా ఓటమి చూసినవాళ్ళు గెలుపుని కూడా అనుమానించరు.

ఇక్కడ మీలో ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. ‘అమ్మా, అది ప్రభుత్వ సంస్థ. రాకెట్టు పడిపోతే జీతం ఆగదు. వాటా ధర పడదు. పైగా, ఆకాశంలో పేలినదాన్ని దాచిపెట్టడం ఎవడి తరం?’ అని. నిజమే, ఒప్పుకుంటాను. శ్రీహరికోటలో ఉన్నవాళ్ళంతా హరిశ్చంద్రులనీ, హైదరాబాదులో ఉన్నవాళ్ళంతా కారనీ నేననను. మంటలు కక్కుతూ పైకిపోయేది అందరి కళ్ళ ముందే పోతుంది, పడినా అందరి కళ్ళ ముందే పడుతుంది. పుస్తకంలో లెక్క అలా కాదు. తలుపులేసుకున్న గదిలో నిశ్శబ్దంగా పడిపోతుంది, పడిపోయిన ఏడేళ్ళకి గానీ చప్పుడు వినపడదు. కాబట్టే ఆ గది తలుపు ఎవరో ఒకరు తెరిచి చూస్తూ ఉండాలి. చూడనివ్వడంలో చిన్నతనం లేదని యజమాని కూడా అనుకోవాలి. మా బియ్యం కొట్టు శెట్టిగారికున్నపాటి పెద్దమనసు అది.

అందుకే ఆ ఇంజనీరింగు అమ్మాయితో అన్నాను: ‘ఉద్యోగానికి వెళ్ళు తల్లీ, పెద్ద కంపెనీకే వెళ్ళు. గోడమీద ఎన్ని బిరుదులు తగిలించారో చూడక్కర్లేదు. పని పాడైనరోజు అక్కడ ఎవరు ముందుకొచ్చి మాట్లాడతారో కనుక్కో.’ ఆ పిల్ల నవ్వి, ‘అది ఇంటర్నెట్లో ఉండదు ఆంటీ’ అన్నది. ఉండదు నిజమే. అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళ నోట్లో ఉంటుంది, వాళ్ళని అడగమన్నాను.

హైదరాబాదులో ‘సత్యం’ బోర్డు దింపేసి పన్నెండేళ్ళు దాటింది. ఇటు మా తీరానికి వస్తే, సూళ్ళూరుపేట దాటి పులికాటు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద శ్రీహరికోటకి వెళ్ళేవాళ్ళకి ఆ కేంద్రం పేరు కనపడుతుంది. 2002లో మార్చిన పేరు అది: సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం. గెలిచినరోజు వెనక నిలబడి, ఓడినరోజు ముందు కూర్చున్న మనిషి పేరు.